పెండింగ్ చలాన్లకు కాలదోషం పట్టదా?



సెకండ్ హ్యాండ్ స్కూటీ కొనబోయే కుర్రాడు హైదరాబాద్‌లో ఇప్పుడు ముందుగా చూసేది టైర్లు కాదు. ఫోన్‌లో బండి నంబరు కొట్టి చలాన్లు ఎన్ని ఉన్నాయో చూస్తాడు. హెల్మెట్ లేదు, సెల్‌ఫోన్ డ్రైవింగ్, రాంగ్ రూట్ అంటూ వరసగా తేలతాయి. ఒక్కోదానికీ వెనకనుంచి తీసిన ఫొటో, ఎప్పటిదో తేదీ, జరిమానాకు తోడు 35 రూపాయల యూజర్ చార్జీ. ఆ రోజు బండి నడిపిందెవరో అమ్మేవాడికే గుర్తుండదు. బాకీ మాత్రం బండిని వదలదు.

ఇంత పాతవి చట్టం ముందు నిలుస్తాయా?

చాలావరకు నిలవకూడదు. జరిమానా మాత్రమే శిక్షగా ఉన్న నేరాన్ని ఆరు నెలలు దాటాక కోర్టు విచారణకు స్వీకరించరాదని క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 468వ సెక్షన్ చెప్పింది. ఏడాది దాకా జైలు పడే నేరాలకు గడువు ఏడాది. దాని స్థానంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత కూడా 514వ సెక్షన్‌లో ఇవే గడువులు ఉంచింది. ఆలస్యానికి సరైన కారణం చూపితే మన్నించే అధికారం కోర్టుకు ఉంది, అదీ నిజమే. కెమెరా పట్టిన కేసుకు 15 రోజుల్లోగా నోటీసు పంపాలని 2021 ఆగస్టులో సవరించిన కేంద్ర మోటారు వాహన నిబంధనలు చెప్పాయి.

చిక్కల్లా ఒకటే. ఈ కాలదోషపు గడువు అక్కరకొచ్చేది కేసు కోర్టుకు వెళ్లినప్పుడే. అక్కడిదాకా పోని చలాన్ కంప్యూటర్లోంచి తనంతట తాను చెరిగిపోదు. రోడ్డుమీద బండి ఆపిన కానిస్టేబుల్ ట్యాబ్‌లో అది నిన్న రాసిన చలాన్‌లాగే కనిపిస్తుంది.

ఉత్తరప్రదేశ్ ఈ ముడి విప్పింది. 2017 నుంచి 2021 దాకా రాసి, కోర్టుల్లో పేరుకుపోయిన చలాన్లను 2023లో రద్దు చేసింది. తెలంగాణ పట్టింది రాయితీల దారి. 2022 మార్చిలో ద్విచక్ర వాహనాలకు 75 శాతం తగ్గించారు. 2023 డిసెంబరు 26 నుంచి 80 శాతం. జనవరి 10తో ముగియాల్సిన ఆ అవకాశాన్ని పొడిగిస్తూ ఫిబ్రవరి దాకా తీసుకెళ్లారు.

గడువు పెడితే ఎగ్గొట్టేవాడికే లాభం కదా అని కొందరి వాదన. మరి ఈ రాయితీల్లో లాభపడిందెవరు? మెసేజ్ వచ్చిన వారంలోనే వెయ్యి కట్టిన ఆటో డ్రైవర్ వెయ్యీ పోగొట్టుకున్నాడు. ఏళ్ల తరబడి కదలనివాడు రెండొందలతో బయటపడ్డాడు. సిగ్నల్ దాటినవాడికి వెంటనే భయం కలగాలి. ఎప్పుడో వచ్చే తగ్గింపు కోసం ఎదురుచూపు కాదు. తప్పు చేయనివాడికీ నష్టమే. నాలుగేళ్ల కిందటి మధ్యాహ్నం ఆ కూడలిలో తాను లేనని ఇప్పుడు ఏ సాక్ష్యంతో రుజువు చేస్తాడు?

అందుకే రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలకూ ఒక విన్నపం. కట్టని చలాన్‌ను చట్టం ఇచ్చిన గడువులోపు కోర్టుకు పంపండి. పంపకపోతే ఆ గడువు ముగిసిన రోజునే రికార్డులోంచి తీసేయండి. ప్రతి చలాన్ మీదా జరిమానా పక్కనే ఆ ఆఖరి తేదీ కూడా అచ్చు వేయండి.

— ఒక పాఠకుడు, హైదరాబాద్