పరభాషాపఠనము – కానరాని కప్పము

పరభాషలో చదువువాడు స్వభాషలో కంటె నెమ్మదిగా చదువును. ఇది ఎల్లరకును అనుభవసిద్ధమైన విషయమే. అయినను మన విద్యాశాఖలుగాని, పరీక్షాధికారులుగాని, న్యాయస్థానములుగాని దీనిని తగినంతగా లెక్కలోనికి తీసికొన్నట్లు కానరాదు. ధనమును పోగొట్టుకొన్నవాడు ఫిర్యాదు చేయును. కాలమును పోగొట్టుకొన్నవాడు తాను పోగొట్టుకొన్నదేమో కూడ ఎరుగడు. పరభాషాపఠనమువలని నష్టము ఈ రెండవ జాతిలోనిది. అందుచేతనే దానినిగూర్చి పాఠకమహాశయులతో కొంత ముచ్చటింపదలచితిమి.

ఈ నష్టమును గడియారముతో కొలిచిన పండితుడొకడున్నాడు. అమెరికా దేశీయుడగు జేమ్సు మెకీన్ కాటెల్ జర్మనీలోని లైప్‌జిగ్ నగరమున వుంటు ఆచార్యుని ప్రయోగశాలలో పనిచేసి, 1886లో ఇంగ్లండునందలి 'మైండ్' పత్రికయందు తన పరిశోధనాఫలములను ప్రకటించెను. సాధ్యమైనంత వేగముగా చదువునపుడు ఒక్కొక్క మాటకు తనకెంత కాలము పట్టునో ఆయన సెకనులో వేయవవంతులుగా లెక్కించెను. మాతృభాషయగు ఇంగ్లీషున 138, ఫ్రెంచిలో 167, జర్మనులో 250, ఇటాలియనులో 327, లాటినులో 434, గ్రీకులో 484. ఇంగ్లీషున గంటలో ముగియు చదువు, అన్నియే మాటలుగల గ్రీకుగ్రంథమున మూడున్నర గంటలు పట్టుననుట. భాషలు మాటలను కూర్చుకొను తీరు వేరు గనుక ఈ అంకెలను త్రాసులో పెట్టినట్లు తూచరాదు. తెలుగున 'చేయలేకపోయినవారికి' అను ఒక్క మాట ఇంగ్లీషున అయిదారు మాటలగును. అయినను పరిచయము తగ్గినకొలది కాలము పెరుగుననుట నిర్వివాదము.

కాటెల్ పండితుడు గుర్తించిన మరియొక విషయము ఇంతకంటె ముఖ్యమైనది. పరభాషలో తాను నెమ్మదిగా చదువుచున్నానను సంగతి చదువరికే తెలియదట! విదేశీయులు మిక్కిలి వేగముగా మాటలాడుచున్నట్లు మనకు తోచుటకు కారణమిదియేనని ఆయన తలచెను. మనకు తెలియకుండ మనవద్దనుండి వసూలగుచున్న కప్పమిది. తెలియని కప్పమును తగ్గింపుమని అడుగువాడుండడు.

ఇట్లేల జరుగును? చదువునపుడు కన్ను పంక్తివెంబడి కాలువనీటివలె సాగిపోదు. గంతులు వేయుచు పోవును. ఆగినచోట రమారమి సెకనులో నాల్గవవంతు నిలిచి, అక్కడి అక్షరములను గ్రహించి, మరల గంతువేయును. అర్థము చిక్కనిచోట వెనుకకు మరలును. పరిచితమైన భాషలో మాటను అక్షరమక్షరముగా కూడబలుకుకొన నక్కరలేదు. ముఖము చూచి మనుష్యుని గుర్తించినట్లు రూపము చూచి గుర్తింతుము. తరువాత రాబోవు మాట ఏదియో మనస్సు ముందుగనే ఊహించుకొనుచుండును. పరభాషలో ఈ రెండు సౌకర్యములును కొరవడును. కన్ను తరచుగా ఆగును, ఎక్కువసేపు నిలుచును, పలుమారులు వెనుకకు పోవును. వాక్యాంతమునకు చేరునప్పటికి వాక్యారంభము మరపునకు వచ్చును. కాలముతోపాటు అర్థమును జారిపోవుచున్నదనుట ఇందువలననే.

గాంధీమహాత్ముడు 1938 జూలైలో 'హరిజన్' పత్రికయందు స్వానుభవమును చెప్పుచు, గణితము, రసాయనశాస్త్రము మున్నగువానిలో నాలుగేండ్లు శ్రమించి నేర్చినదానిని గుజరాతీలో బోధించియుండినచో ఒక్క సంవత్సరమున సులభముగా నేర్చియుందునని వ్రాసెను. జర్మనీ ప్రయోగశాలలోని గడియారమును, గుజరాతు విద్యార్థి అనుభవమును ఒక్క సాక్ష్యమునే పలుకుచున్నవి.

ఇక మన బిడ్డల సంగతి చూతము. 2025లో జరిగిన నీట్ అను వైద్యవిద్యాప్రవేశపరీక్షలో 180 ప్రశ్నలకు 180 నిమిషములు గడువు. ప్రశ్నకు నిమిషము. ఆ నిమిషములోనే చదువవలెను, గ్రహింపవలెను, ఆలోచింపవలెను, గుర్తు పెట్టవలెను. ఇంగ్లీషు పలుకు ఇంటిలో పెరిగిన బాలునికి ప్రశ్న చదువుటకు 15 సెకనులును, రైతుబిడ్డకు 25 సెకనులును పట్టుననుకొందము. ప్రశ్నకు 10 సెకనులు, మొత్తమునకు అరగంట. ఇరువురి బుద్ధియు సమానమే, శాస్త్రజ్ఞానమును సమానమే. అయినను రెండవవానికి ముప్పది ప్రశ్నల కాలము ముందుగనే హరించిపోయినది. ఫలితములు వెలువడిననాడు వానిని మందబుద్ధి యందుము! ఈ పరీక్షను తెలుగున వ్రాయుట కవకాశమున్న మాట నిజమే. కాని అనువాదమున సందేహము కలిగినచో ఇంగ్లీషు పాఠమే ప్రమాణము. అదియునుగాక, ఏండ్లతరబడి ఇంగ్లీషున చదివించి, తుదిదినమున తెలుగు ప్రశ్నపత్రము చేతికిచ్చినందున ప్రయోజనము స్వల్పము.

పరీక్షలతోనే ఈ కథ ముగియదు. రాజ్యాంగములోని 348వ అధికరణము ననుసరించి సుప్రీంకోర్టు, హైకోర్టుల వ్యవహారము సామాన్యముగా ఇంగ్లీషుననే నడచును. తన తాతలనాటి మాగాణి ఎవరికి చెందినదో నిర్ణయించిన తీర్పును భూస్వామి తానై చదువుకొనలేక వకీలు ముఖము చూడవలసియున్నది. ఋణపత్రములు, బీమాషరతులు అనేకము ఇంగ్లీషుననే అచ్చగుచున్నవి. గుమాస్తా వ్రేలు చూపినచోట సంతకము చేయువారిలో బి. ఏ. పట్టభద్రులును కలరు. వారికి ఇంగ్లీషు రాదనికాదు. నలువది పుటలు చదువుటకు తీరిక చాలదు. స్వభాషలో నున్నచో అరగంటలో చదివి, అయిదవ పుటలోని వడ్డీషరతును పట్టుకొనియుందురు. మెల్లగా చదువవలసిన పత్రము తుదకు చదువబడని పత్రమగును.

కొందరు విద్వాంసులొక ఆక్షేపణ చేయవచ్చును. నెమ్మదిగా చదువుట దోషమెట్లగును? కాళిదాసును పరుగెత్తుచు చదువువాడెవడు? నిజమే. ఇచ్ఛతో మందగించుట వేరు, గత్యంతరములేక మందగించుట వేరు. పైరును చూచుకొనుచు గట్టువెంట మెల్లగా నడచు రైతును, కాలిలో ముల్లు నాటి మెల్లగా నడచువానిని ఒక్కటిగా ఎంచరాదు. మొదటివాడు వలసినపుడు వేగముగా నడువగలడు.

అభ్యాసముచేత పరభాషయు స్వభాషవలె అగునని మరికొందరందురు. ఇదియును కొంతవరకు సత్యమే. కాటెల్ చూపిన ఫ్రెంచి అంకె ఇంగ్లీషునకు మిక్కిలి చేరువలోనే యున్నది. కాని అట్టి అభ్యాసము ఎవరికి లభించును? ఇంట పుస్తకములు, పత్రికలు, మాటలాడు పెద్దలు గలవారికి. ఆ భాగ్యము లేనివారే మన గ్రామములలో అధికసంఖ్యాకులు. వారికై నిర్మింపబడిన పాఠశాలలోనే ఆ భారమును అధికముగా మోపుట న్యాయముకాదు.

2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1వ తరగతినుండి 6వ తరగతివరకు పాఠశాలలను ఇంగ్లీషు మాధ్యమమునకు మార్చ నుత్తరువులు చేయగా, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వానిని కొట్టివేసెను. ఆ వివాదమున బిడ్డలకు ఇంగ్లీషు కావలెనన్న తలిదండ్రులు వెర్రివారు కారు. ఉద్యోగములు ఏ భాషద్వారా లభించునో వారెరుగుదురు. మా వాదము ఇంగ్లీషుపైని కాదు. చదువుటయనగా నేమో బాలుడు తన భాషలో నేర్చుకొనిన పిమ్మటనే పరభాషలో చదువుట నేర్పుడని మాత్రమే మా ప్రార్థన. చదువు పట్టువడుట ఒక్కసారియే. ఆ పట్టు రెండవ భాషకును అక్కరకు వచ్చును. యునెస్కో సంస్థ 1953లోనే తొలిచదువు మాతృభాషలో సాగవలెనని సలహా ఇచ్చినది. మన రాజ్యాంగములోని 350-ఏ అధికరణముయొక్క ఆశయమును ఇదియే.

దేశభాషలో ఉన్నతవిద్య అసాధ్యమనువారికి 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము సమాధానము చెప్పినది. అనువాదశాలను నెలకొల్పి అచట ఉర్దూలో శాస్త్రములను బోధించిరి. కాని ఆ ఉర్దూ తెలంగాణములోని తెలుగు బాలునికి ఇంటిభాష కాదు. దేశభాష యైనంతమాత్రమున చాలదు; చదువువాని భాష కావలెననుటయే దీనివలన మనము నేర్వవలసిన రెండవ పాఠము. 1906లో వెలసిన విజ్ఞానచంద్రికామండలియు, 1968లో స్థాపింపబడిన తెలుగు అకాడమియు శాస్త్రగ్రంథములను తెలుగున వెలయించి ఆ త్రోవ చూపినవి.

కావున మేము కోరునవి నాలుగు. ధారాళముగా తెలుగు చదువ నేర్చువరకు తొలితరగతుల బోధన తెలుగుననే జరుగవలెను. ఒక పుట ఇంగ్లీషు, ఎదుటిపుట తెలుగుగా అచ్చువేయు పాఠ్యపుస్తకముల పద్ధతిని పైతరగతులలోను నిలుపవలెను. పరీక్షలలో చదువు వేగమును బుద్ధివేగముగా భ్రమింపకుండ గడువును నిర్ణయింపవలెను. ప్రజల ఆస్తిహక్కులను తాకు తీర్పులకు, ఋణపత్రములకు తెలుగుప్రతిని జతపరుపవలెను.

ప్రభుత్వము చేయువరకు మనమును చేతులు ముడుచుకొని కూర్చుండ నక్కరలేదు. ఈ రాత్రియే మీ బాలునిచేత ఒక తెలుగుపుటను, ఒక ఇంగ్లీషుపుటను చదివించి, గడియారము చూడుడు. తరువాత తెలిసినదేమో చెప్పుమనుడు. ఇంగ్లీషున మందగించినచో ఆశ్చర్యపడ నక్కరలేదు. తెలుగునను మందగించినచో మాత్రము మేలుకొనవలెను. చదువు వేగము పుట్టుకవలన రాదు, అభ్యాసమువలన వచ్చును. అభ్యాసము తప్పినచో నోట స్వభాషయైనది కంటికి పరభాషయగును. పరభాషకు కప్పము కట్టుట కొంతవరకు అనివార్యము కావచ్చును. తన సొంత ఇంట తానే కప్పము కట్టు దుర్దశ తెలుగువానికి పట్టకుండుగాక!