మూఢానికీ తేరా తేజీకీ మధ్య పచ్చ పెళ్లి

హైదరాబాద్‌లో చాంద్రాయణగుట్ట వైపు ఏ ఫంక్షన్ హాలు వెనక గేటు దగ్గరికైనా పెళ్లి మర్నాడు పొద్దున్నే వెళ్లి చూడండి. రాత్రి వేదిక మీద పూలగోడగా మెరిసిన సరంజామా అంతా అక్కడ కుప్పగా పడి ఉంటుంది. వాడిన పూలను పక్కకు తోస్తే కింద ఆకుపచ్చ ఇటుకలు కనిపిస్తాయి. వేలితో నొక్కితే గుంట పడుతుంది, గోటితో గీస్తే పొడిపొడిగా రాలుతుంది. పూల కాడలు గుచ్చి, తడి ఆరకుండా నిలబెట్టడానికి వాడే ఫోమ్ అది. చూపుకు నాచులా ఉన్నా పక్కా ప్లాస్టిక్కే. ఫినాల్, ఫార్మాల్డిహైడ్ కలిపి చేసిన సరుకు. మట్టిలో కలవదు. నలిగి రేణువులై నాలాలో పడుతుంది, నాలా మూసీలో పడుతుంది. "మాది నేచురల్ డెకరేషన్, థర్మోకోల్ ముట్టం" అనే పెళ్లిళ్లలోనూ దీన్ని చూడొచ్చు.

పర్యావరణానికి హాని చేయని పెళ్లి ఇప్పుడు ఫ్యాషన్. తప్పేమీ లేదు. 2022 జూలై 1 నుంచి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, అలంకరణ థర్మోకోల్, చివరికి శుభలేఖ మీద చుట్టే పల్చటి ప్లాస్టిక్ పొర కూడా దేశమంతటా నిషిద్ధం. ఛత్తా బజార్‌లో కార్డులు కొట్టించేవాళ్లు ముందు అడగాల్సిన మాట అదే. ప్లాస్టిక్ పోయి చెరకు పిప్పి ప్లేట్లు, పేపర్ గ్లాసులు వచ్చాయి. టీ కారకుండా పేపర్ గ్లాసు లోపల మళ్లీ సన్నటి ప్లాస్టిక్ పూతే వేస్తారు. పిప్పి ప్లేటు ఎరువు కావాలంటే విడిగా తీసి ఎరువు గుంతకు చేర్చాలి. బిర్యానీ మెతుకులు, ఎముకలు, నీళ్ల సీసాలతో కలిపి లారీకెక్కిస్తే అదీ పోయేది జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకే. గాలాడని చెత్త అడుగున కుళ్లి మీథేన్ అవుతుంది. ప్లేటు మార్చి పచ్చబడ్డామనుకోవడం, గంగలో మునిగి పాపం కడుక్కున్నామనుకోవడం లాంటిదే.

అసలు బరువంతా ప్లేట్ల లెక్కలోనూ, పెళ్లి తేదీలోనూ ఉంది. ఆ రెండింటినీ నిర్ణయించేది నమ్మకం. దాని జోలికి ఏ ఈవెంట్ మేనేజరూ పోడు.

లాల్ దర్వాజా, గౌలిపురా, ఉప్పుగూడ ఇళ్లలో పెళ్లి మాట రాగానే ముందు పంచాంగం దిగుతుంది. ఆషాఢం పనికిరాదు, పుష్యం పనికిరాదు, మూఢమైతే అసలే పనికిరాదు. ఇంతకీ మూఢమంటే? శుక్రుడో గురుడో మనకు సూర్యుడి దిక్కునే ఉండి, ఆ వెలుగులో కనబడకపోవడం. అంతే. గ్రహానికి వచ్చిన జబ్బేమీ లేదు, దాని దారిన అది తిరుగుతూనే ఉంది. శుక్రుడు సూర్యుడికి అవతలి పక్కన ఉంటే ఈ మరుగు వారాల తరబడి సాగుతుంది, ఇవతలి పక్కన ఉంటే కొద్దిరోజుల్లో తీరిపోతుంది. మన కంటికి సూర్యుడు అడ్డొచ్చినందుకు ఒక అమ్మాయి కాపురం చెడుతుందనడం ఏ లెక్కన? మూఢం సంగతే తెలియని కోట్ల మంది ఆ రోజుల్లోనే పెళ్లాడి, పిల్లాపాపలతో బతుకుతున్నారు.

నాలుగు గల్లీలు దాటి యాకుత్‌పురా పోతే అక్కడి ముస్లిం ఇళ్లలో సఫర్ నెల భయం. మొహర్రంలో పెళ్లి మానుకోవడం సంతాపం వల్ల, అర్థం చేసుకోవచ్చు. సఫర్‌కు ఆ కారణమూ లేదు. మొదటి 13 రోజులు, 'తేరా తేజీ' అంటారు, మరీ గడ్డువట. గుడ్లు, నూనె సద్‌ఖాగా దానమిచ్చి గట్టెక్కాలట. సఫర్‌కు అపశకునం అంటగట్టడాన్ని హదీసే కొట్టిపారేసింది. మసీదులో మౌలానా ఆ మాట చెప్పినా ఇంట్లో దాదీ మాటే చెల్లుతుంది. పంచాంగం వేరు, కితాబు వేరు. క్యాలెండర్ అంటే భయం మాత్రం రెండిళ్లలోనూ ఒకటే.

దాంతో ఏడాది పెళ్లిళ్లన్నీ కొద్ది తేదీల్లోకి కుక్కుకుంటాయి. ఆ రాత్రుల్లో బారాత్‌కు బారాత్ ఎదురై రోడ్డు బిగుసుకుపోతుంది, డీజిల్ జనరేటర్లు తెల్లవార్లూ పొగ కక్కుతాయి. (అరబ్బు, హబ్షీ సైనికుల వెంట ఈ ఊరికి వచ్చిన మర్ఫా వాయిద్యానికి కరెంటు అక్కర్లేదు. డీజేకే కావాలి.) బావర్చీ ఒకే రాత్రి రెండు మూడు దావత్‌లు ఒప్పుకుని, తక్కువ పడితే మాట వస్తుందని ఒక దేగ్ ఎక్కువే ఎక్కిస్తాడు. అన్ని హాళ్లలోనూ ఒకే రాత్రి అన్నం మిగిలితే, సేకరించి పంచే కుర్రాళ్లు ఎన్ని చోట్లకని పరిగెత్తుతారు? కిలో బియ్యం వెనక రెండు వేల లీటర్లకు పైగా నీళ్లున్నాయి.

ఇక ప్లేట్ల లెక్క. ఫలక్‌నుమా ప్యాలెస్ భోజనశాలలో బల్లకు 101 కుర్చీలు. కట్టించినవాడు పాయిగా అమీర్ వికారుల్ ఉమ్రా. ఆ ఖర్చుకు అప్పులపాలై, చివరికి మహలును ఆరో నిజాముకు అప్పగించాడు. నవాబు బల్లకే 101 చాలితే, మెకానిక్ ఇంటి పెళ్లికి వెయ్యి మంది ఎందుకు? ఇజ్జత్ కోసం. నలుగురూ ఏమనుకుంటారోనన్న ఈ భయం దేవుడి మీద నమ్మకం కన్నా మొండిది. నాస్తికుల ఇళ్లలోనూ చూశాను. దాని వెంటే వరుడికిచ్చే జోడే కా రఖం, కట్నం సామాన్ల జహేజ్. ఇస్లాంలో మెహర్ వరుడు వధువుకు ఇవ్వాల్సింది. వరకట్న నిషేధ చట్టం వచ్చింది 1961లో. అయినా ఫ్రిజ్, సోఫా, అల్మారా ట్రాలీ ఆటోలో ఊరేగుతూనే ఉన్నాయి. వరుడి ఇంట్లో అప్పటికే ఒక ఫ్రిజ్ ఉన్నా సరే. ఆకుల్లో వడ్డించి ఈ ట్రాలీని సాగనంపేవాళ్లను పర్యావరణ ప్రేమికులని ఎలా అనగలం?

తెలుగువాళ్లకు వేరే దారి తెలియక కాదు. త్రిపురనేని రామస్వామి చౌదరి 'వివాహ విధి' రాసి, పెళ్లిని తెలుగులోకి తెచ్చాడు. నాస్తికోద్యమ నేత గోరా కూతురికీ దళిత యువకుడికీ పెళ్లి 1948 మార్చిలో సేవాగ్రాంలో జరిగింది. జరిపిస్తానని మాటిచ్చిన గాంధీ అప్పటికి లేడు. వీళ్లెవరూ కార్బన్ లెక్కలు వేయలేదు. కులాన్నీ మంత్రాన్నీ పక్కనబెడితే చెత్త దానంతటదే తగ్గింది. 1954 ప్రత్యేక వివాహ చట్టం అడిగేదీ 30 రోజుల నోటీసు, ముగ్గురు సాక్షులు. ఆ ఫారంలో తారాబలం గడి లేదు.

అలాగని కళ లేకుండా చేసుకోమని ఎవరన్నారు? లాడ్ బజార్‌కు వెళ్లండి. లక్కను నిప్పుల సెగ మీద మెత్తబరిచి, కడ్డీలా సాగదీసి, వలయంగా వంచి, ఆ వేడి మీదే రాళ్లు ఒక్కొక్కటే పొదుగుతారు. చెట్టు కొమ్మ మీద పురుగు కట్టిన లక్క, మనిషి చేతి పని. 2024లో ఈ గాజులకు జీఐ గుర్తింపు వచ్చింది. పూలగోడకు పోసే డబ్బులో కొంత ఇక్కడ ఇవ్వండి.

ఆషాఢంలో ఒక బుధవారం, వంద మందిని పిలిచి, పగటి వెలుగులోనే కానిచ్చేయండి. బుకింగులు లేని నెల కాబట్టి హాలు అద్దె గట్టిగా బేరమాడొచ్చు, బావర్చీ తీరిగ్గా వండుతాడు, జనరేటర్‌తో పని లేదు. ఆషాఢం పోయాక మంచి రోజు చూసి రిసెప్షనైనా పెట్టుకుందామని పెద్దవాళ్లు బేరానికొస్తారు. ఒప్పుకోకండి. ఆ రెండో విందుకూ అప్పు చేసేది అమ్మాయి తండ్రే.