మోటుపల్లి రేవు – ఒక అభయవాక్యం

విహారయాత్ర అనగానే మన విద్యార్థులు ఊటీ, మైసూరు పేర్లు చెబుతారు. కలిగినవారు గ్రీకు ద్వీపాలలోని ప్రశాంతమైన రేవుపట్టణాలను గూర్చి ముచ్చటించుకుంటారు. సముద్రమెరుగని సీమలో పుట్టిన నేను మాత్రం చీరాలలో రైలు దిగి, బాపట్ల జిల్లాలోని మోటుపల్లిని చూచి రండని చెబుతాను.

అక్కడ చూడడానికేమున్నదని మీరు అడగవచ్చు. ఇసుక, అలల హోరు, పాత వీరభద్రాలయం. ఓడలు ఏనాడో మరలిపోయినవి. కాని అక్కడ 1244లో కాకతీయ గణపతిదేవుడు వేయించిన అభయశాసనమున్నది. తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన ఓడలలోని సరకును అంతకుముందు రాజులు బలవంతంగా కైవసం చేసుకొనేవారు. గణపతిదేవుడు ఆ దురాచారాన్ని మాన్పించి, ముప్పయింట ఒక పాలు సుంకము తప్ప మరేమీ తీసుకొనబోనని దేశాంతర వర్తకులకు మాట ఇచ్చాడు. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి కూడా ఇచ్చటనే వర్తకులకు అభయమిచ్చాడు.

పదమూడవ శతాబ్ది చివరి భాగంలో మార్కోపోలో ఈ రాజ్యాన్ని ‘ముత్ఫిలి’ అని పేర్కొని, ఇచ్చటి సన్నని వస్త్రాలను, వానలు వెలిసిన పిమ్మట జనులు వజ్రాలను వెదకుటను వర్ణించాడు. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలలో తిరుగాడేవారిని ఎరిగిన మనకు ఆ మాట కొత్త కాదు.

రేవును నిలబెట్టేది నీటిలోతు ఒక్కటే కాదు, పాలకుని మాట కూడానని నా అభిప్రాయం. ఉర్దూలో దీనినే ‘అమాన్’ అంటాము. నేను విద్యార్థిగా ఒక హాస్టలులో చేరిన తొలిరాత్రే, మా అమ్మ కట్టి ఇచ్చిన నువ్వులుండలను, కొత్త దుప్పటిని పెద్ద తరగతులవారు పంచుకున్నారు. అదొక వేడుక అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒడ్డుకు చేరిన ఓడను దోచుకొనుటకూ దీనికీ భేదమేమి?

ఆదోని పల్లెల నుండి, బద్వేలు మెట్టల నుండి ఏటా మన కళాశాలకు వచ్చే పిల్లవాడు కూడా తెలియని తీరానికి చేరిన ఓడవంటివాడే. కావున కమిటీ పెద్దలు ఈ యేటి విహారయాత్రకు మోటుపల్లిని ఎన్నుకొనవలెనని మనవి. విద్యార్థి మిత్రులారా! మీరు ఆ శాసనం ముందు ఒక్క నిముషం నిలబడండి. తిరిగి వచ్చిన పిమ్మట, జూన్ మాసంలో ట్రంకుపెట్టెతో గుమ్మంలో నిలిచే కొత్త విద్యార్థికి ఆ అభయం మీరే ఇవ్వండి.