ఫిబ్రవరిలోనే ఎండలు.. జహీరాబాద్ ‘సత్యం పంటలు’ నిలబడతాయా?

జహీరాబాద్ వైపు శనగ చేను చూడాలంటే జనవరిలో పొద్దున్నే వెళ్లాలి. ఆకుల మీద మంచు ఆరకముందే అన్నమాట. బోరు లేదు, కాలువ లేదు, డ్రిప్ అసలే లేదు. అయినా చేను పచ్చగా ఉంటుంది. శనగ, కుసుమ, అవిసె, యాసంగి జొన్న, గోధుమ.. వీటికి ఇక్కడి మహిళా రైతులు పెట్టుకున్న పేరు ‘సత్యం పంటలు’. నీళ్లు పెట్టకపోయినా మాట తప్పకుండా పండేవని ఆ పేరు.

ఇప్పుడు మాట తప్పుతున్నది కాలమే.

భారత వాతావరణ శాఖ రికార్డులు 1901 నుంచి ఉన్నాయి. పగటి ఉష్ణోగ్రతల సగటు చూస్తే దేశంలో 2023 ఫిబ్రవరి వాటిలో టాప్. రెండేళ్లకే, మొత్తం సగటు ఉష్ణోగ్రతలో 2025 ఫిబ్రవరి రికార్డు కొట్టింది. 2022 మార్చి సంగతి తెలిసిందే. 122 ఏళ్లలో అంత వేడి మార్చి లేదు. ఉత్తరాదిలో గోధుమ గింజ ముడుచుకుపోయింది, మే 13న కేంద్రం ఎగుమతులు ఆపేసింది.

ఫిబ్రవరి వేడెక్కితే శనగకు ఏమవుతుంది? మంచుతోనే పండుతుందని చాలామంది అంటారు గానీ, అసలు బలం వానాకాలంలో నేల దాచుకున్న పదునే. మంచు, చల్లని రాత్రులు ఆ పదును త్వరగా ఆరిపోకుండా కాస్తాయి. ఆకాశం తేటగా ఉండి, నేల వేడి బయటకు పోతేనే మంచు పడుతుంది. మబ్బు పట్టినా, రాత్రి వేడిగా ఉన్నా అది తగ్గిపోతుంది. పూత, కాయ దశలో పగటి ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటితే పూత రాలుతుంది, కాయ పట్టదు. ఉన్న కాయ కూడా తొందరగా ముదిరి గింజ సన్నబడుతుంది.

సరే, ముందే విత్తుకోవచ్చు కదా? అదీ అంత ఈజీ కాదు. 2020లోలాగా అక్టోబర్ మధ్యలో కుండపోత పడితే కోతకొచ్చిన వానాకాలం పంట పోతుంది, తడి నేలలో యాసంగి విత్తనమూ వెనక్కి జరుగుతుంది. ఆలస్యమైన ప్రతి వారం పూతను ఎండాకాలానికి దగ్గర చేస్తుంది.

హిమాలయాల్లోనూ ఇదే కథ, కాస్త తేడాతో. ఉత్తరాఖండ్‌లో వసంతంలో పూయాల్సిన బురాన్ష్ కొన్నేళ్లు జనవరిలోనే విరబూసింది. హిమాచల్‌లో చలి చాలక యాపిల్ తోటలు పై ఎత్తులకు జరుగుతున్నాయి. అక్కడ ఎక్కడానికి కొండ ఉంది. జహీరాబాద్ దాదాపు 600 మీటర్ల ఎత్తులో ఉన్న పీఠభూమి. రాష్ట్రంలో అతి తక్కువ ఉష్ణోగ్రతల వార్తల్లో తరచూ వినిపించే కోహీర్ ఈ పక్కనే. కానీ ఇక్కడి శనగకు ఇంకా పైకి పోయే చోటు లేదు.

నేరమంతా వాతావరణానిదే అంటే మాత్రం తప్పే. చెరకు, పత్తి, అల్లం వచ్చాక సత్యం పంటల చేలు తగ్గాయి. కలుపు మందు కొట్టిన పత్తి చేలో గునుగు పువ్వు కూడా బతకదు. బతుకమ్మకు గునుగు దొరకడం లేదంటే అందులో ఎండ పాత్ర ఎంతో, మందు డబ్బా పాత్ర ఎంతో విడదీయడం కష్టం.

మరి దారేంటి? ఒకటి ఇదే సంగారెడ్డి జిల్లాలో, పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో ఉంది. వేడిని తట్టుకునే జేజీ 14 శనగ రకం వెనక ఉన్నది అక్కడి పరిశోధనే. రెండోది పస్తాపూర్‌లో ఉంది. 2019లో ఐక్యరాజ్య సమితి ఈక్వేటర్ ప్రైజ్ అందుకున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు ఇంటి విత్తనాన్ని దాచి, ఒకే చేలో పదికి మించిన పంటలు కలిపి వేస్తారు. ఒకటి ఎండకు పోయినా ఇంకొకటి చేతికొస్తుంది. ఏటా సంక్రాంతికి మొదలయ్యే పాత పంటల జాతరలో ఎడ్లబండ్ల మీద ఊరూరా తిరిగేది ఆ విత్తనాలే.

చిక్కు ఏంటంటే, ఒక చేలో పది పంటలుంటే నష్టం లెక్క కట్టే లైన్ సర్కారు ఫారాల్లో దొరకదు. పైగా 2020 నుంచి తెలంగాణ పీఎం ఫసల్ బీమాకు దూరంగా ఉండటంతో, ఆ ఏళ్లలో పూత రాలిన నష్టం మొత్తం రైతు మీదే పడింది. ఇంకోవైపు న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో నిమ్జ్ కోసం అనుకున్న భూమి 12,635 ఎకరాలు. ఎండకు తట్టుకునే విత్తనం దొరికినా, దాన్ని వేసే చేను ఎవరి చేతిలో ఉంటుందన్నది ఆ ఊళ్లలో ఇప్పుడు నడుస్తున్న మాట.