ఇంజను దించిన బండి

"ఇంజను దించిన బండి ఇంటికి తేకూడదు" అని మా అత్తయ్యగారిది ఒకటే పట్టు. పెద్దావిడ మాట కాదనడం నాకిష్టం ఉండదు గానీ, ఈ విషయంలో మాత్రం ఒప్పుకోలేను. మెట్టుగూడలో ఉంటూ ఆ మాట అంటే ఎలాగండీ? పక్కనే లాలాగూడ వర్క్‌షాపు. నిజాం కాలం నుంచీ అక్కడ జరిగేది అదే కదా! అరిగిన రైలు పెట్టెల్ని విప్పడం, బాగుచేయడం, మళ్ళీ పట్టాలెక్కించడం. ఆ పెట్టె చివర పీఓహెచ్ ఎప్పుడు అయిందో, మళ్ళీ ఎప్పుడు చేయాలో తేదీలు రాసి ఉంటాయి. రైలెక్కేటప్పుడు చూడండి.

కాబట్టి నా అభ్యంతరం ఇంజను విప్పినందుకు కాదు, తేదీ, కారణం లేకుండా విప్పినందుకు.

మావారు చూసొచ్చింది 2014 మోడల్ డీజిల్ కారు. మూడు లక్షల పదివేలు. "ఏడాది కిందట ఇంజను మొత్తం చేయించాం, కొత్తదానితో సమానం" అన్నాడట ఓనరు. మా దగ్గరున్నది అమ్మాయి కాలేజీ ఫీజుకని దాచిన డబ్బు. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, నెలకి రెండుసార్లు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. రెండూ అవసరాలే.

నేనడిగింది ఒక్కటే, ఎందుకు దించారు? రింగులు అరిగి నీలంపొగ వస్తుంటే బోరు చేయించారంటే అది వయసు. నీళ్ళలో మునిగితే దించారంటే అది వేరే కథ. 2020 అక్టోబరు వరదలు మన ఊళ్ళో ఎవరు మర్చిపోతారు? ఎన్ని కార్లు నీళ్ళపాలయ్యాయని! నీరు గాలిలా నొక్కుకుపోదు. సిలిండర్లోకి నీళ్ళు చేరాక స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. రాడ్డు మార్చొచ్చు. మరి సీట్ల కింద వైర్లు, కార్పెట్ కింద తుప్పు? అవి "ఇంజను మొత్తం చేయించాం" అన్న మాటలోకి రావు.

బిల్లు కావాలి. పిస్టన్లు, బేరింగులు, హెడ్ గ్యాస్కెట్ ఏవేవి మార్చారో అందులో ఉండాలి. ఆర్సీలో ఉన్న ఇంజను నంబరు, బ్లాకు మీది నంబరు ఒకటేనా చూడాలి. బ్లాకే మార్చి ఆర్టీఏ ఆఫీసులో రాయించకపోతే పేరు మార్పిడి దగ్గరా, రేపు ఇన్సూరెన్సు దగ్గరా మనమే నిలబడాలి. పైగా పదిహేనేళ్ళ రిజిస్ట్రేషను 2029తో సరి. ఆ తర్వాతి ఖర్చు కూడా ధరలో కలిపి చూసుకోవద్దూ?

ఇంకోటి, చూడ్డానికి వెళ్తే పొద్దున్నే వెళ్ళాలి. ముందు బానెట్ మీద చెయ్యి పెట్టాలి, దోసె పెనం చూసినట్టు. వెచ్చగా ఉందంటే మనకోసం ముందే స్టార్ట్ చేసి పెట్టారన్నమాట. చల్లటి ఇంజనే అసలు సంగతి చెబుతుంది.

మావారికి ఇదంతా చాదస్తంగా ఉంది. ఓనరేమో బిల్లు "ఎక్కడో ఉందమ్మా" అంటున్నాడు. ఆదివారం దాకా చూద్దామన్నాను. బిల్లు దొరికితే మన మెకానిక్‌తో కంప్రెషన్ చూపించి అప్పుడు బేరం మాట్లాడతాం. దొరక్కపోతే అత్తయ్యగారికి ఆటోనే, అమ్మాయి ఫీజు బ్యాంకులోనే.