ఇంటి యజమాని వేరు, నీట మునిగినవాడు వేరు

హుస్సేన్‌సాగరపు అలుగు దూకిన నీరు కవాడిగూడ, దోమలగూడల మీదుగా అశోక్‌నగరమును ఒరసికొని, చిక్కడపల్లి, నల్లకుంటలను దాటి మూసీలో కలియునని ఆ నాలా ఒడ్డున కాపురముండువారికి ఒకరు చెప్పనక్కరలేదు. ముసురు పట్టిన నాడు బియ్యపుడబ్బాను అటక యెక్కించిన పిదపగాని అచటి ఇల్లాండ్రకు కంటికి నిద్రరాదు. 2020 అక్టోబరు 13, 14 తేదీల కుండపోతకు నగరము జలమయమైనపుడు, ప్రభుత్వము బాధిత కుటుంబమునకు పదివేల రూపాయల తక్షణసాయము ప్రకటించి, అందులకై 550 కోట్లు కేటాయించినది. సంకల్పము ఉదారమైనదే, చిక్కు పంపకమున వచ్చినది.

ఈ పేటలలో ఇంటినంబరు ఒకటైనను కాపురములు నాలుగు: మీది అంతస్తున యజమాని, నడుమ పోర్షనులలో అద్దెవారు, వెనుక రేకులషెడ్డులో ఇస్త్రీబండి నడుపుకొనువారు, సెల్లారులో వాచ్‌మన్ సంసారము. నీరు మొదట సెల్లారులోనికి దిగును. సాయము తెచ్చినవాడు మొదట యజమాని తలుపు తట్టును. (యజమాని చెడ్డవాడని కాదు, అడిగినదానికే కదా ఎవడైనను బదులు చెప్పును!) నగదు పంపిణీపై ఆరోపణలు చెలరేగగా మీసేవ కేంద్రములలో దరఖాస్తులు పెట్టుకొనుమనిరి, నవంబరులో వాటి ముందు బారులు తీరిన జనమును నగరమంతయు చూచినది, నగరపాలక ఎన్నికల కారణమున 18వ తేదీన అదియు నిలిచిపోయినది. స్వగ్రామపు చిరునామాగల ఆధార్‌కార్డుతో అద్దెకుండువాడు, తడిసిన పరుపును చూపగలడుగాని, తాను ఈ వీధివాడనని దేనితో రుజువు చేయగలడు?

అంతకు కొన్ని నెలల ముందు లాక్‌డౌనునందును ఇదే తంతు. తెల్లకార్డుదారులకు మనిషికి 12 కిలోల బియ్యము, కార్డునకు 1500 రూపాయలు ఇచ్చిరి. కాని అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లను, చిక్కడపల్లి కేంద్రగ్రంథాలయమును నమ్ముకొని గ్రూప్స్ పరీక్షలకు చదువు పిల్లవాని పేరున్న కార్డు ఏ పాలమూరులోనో, ఆదిలాబాదులోనో తండ్రి పెట్టెలో నుండును. దయాళువెవరైన సంచెడు బియ్యము తెచ్చియిచ్చినను, పొయ్యి వెలిగింపనీయని హాస్టల్ గదిలో దానినేమి చేసికొనును? ఇట్టివారి కొరకే యన్నట్లు నగరపాలక సంస్థ, హరేకృష్ణ సంస్థ కలిసి 2014లో ఆరంభించిన ఐదురూపాయల అన్నపూర్ణ భోజనము, లాక్‌డౌనులో ఉచితమై, ఏ కార్డు అడుగక వండిన అన్నమే పెట్టినది. ఊరి తీరు తెలిసి చేసిన సాయము అట్లుండును. తెలియక చేసినది ఎట్లుండునో 2004 సునామీ నాడు నాగపట్టణపు దారుల వెంట తొడుగువారు లేక గుట్టలుపడిన పాతబట్టలు చూపినవి.

వరద వచ్చిన పిమ్మట ట్యాబు పట్టుకొని లెక్కలు వ్రాసికొనుట ఆలస్యపు పని. సెల్లారులలో, రేకులషెడ్డులలో, హాస్టళ్లలో ఎవరుందురో వేసవిలోనే పట్టిక వేయవచ్చును. అందులకు కొత్త కన్సల్టెంటు అక్కరలేదు; ఏ పోర్షనులో చూలాలున్నది, ఏ మూలగదిలో ముసలమ్మ ఒంటరిగా నున్నది బస్తీ ఆశా కార్యకర్తకు ఎరుకయే. ఆమెకు ఆ నాలుగు దినముల కూలి అదనముగా నిచ్చి, నారాయణగూడ మొదలు నాలా వెంట ఒక్కొక్క గల్లీ తిరిగి వ్రాయింపవలెను. ఆ పట్టికను వానలకు ముందే వార్డు కార్యాలయపు గోడకు అంటించినచో, తప్పిపోయిన పేర్లను బస్తీవారే వచ్చి చేర్పించుకొందురు.