గాలివానకు ముందటి లెక్క



నవంబరు మాసమనగానే మన తీరప్రాంతపు పెద్దలకు 1977 గుర్తుకు వస్తుంది. ఆ నెల 19వ తేదీ, శనివారము, దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. పదివేల మందికి పైగా చనిపోయారు. మరునాటి ఆరాధనకు బట్టలు ఉతికి ఆరవేసుకున్న ఇండ్లు ఎన్నో, ఆదివారము తెల్లవారేసరికి ఇండ్లే లేవు.

1990 మే నెలలో కృష్ణా తీరానికి మరల ఒక పెనుతుఫాను వచ్చింది. దాని బలము 1977 నాటి దానికి పెద్దగా తీసిపోదు. అయితే చనిపోయినవారు వెయ్యికి లోపే. హెచ్చరిక ముందుగా అందింది, లక్షమందికి పైగా జనాన్ని ముందే తరలించారు, మధ్యకాలములో కట్టిన తుఫాను షెల్టర్లు అక్కరకు వచ్చాయి. కాబట్టి గాలి వేగము ఒక్కటే కొలిస్తే మన ప్రమాదము తెలియదు. గాలివాన ఎంత బలమైనది, దాని దారిలో ఎవరున్నారు, ఉన్నవారు దానిని ఎంతవరకు తట్టుకోగలరు - ఈ మూడూ కలిస్తేనే ప్రమాదము. మొదటిది వాతావరణ శాఖవారు చెబుతారు. మూడవదానిని కొలవడము అన్నిటికంటె కష్టము. ఈ నెల మేము వ్రాయదలచినది దాని గురించే.

1991 ఏప్రిల్ 29న బంగ్లాదేశ్ తీరమును తాకిన తుఫానులో లక్షకు పైగా ప్రాణాలు పోయాయి. తరువాత వైద్య పరిశోధకులు కొందరు అక్కడి గ్రామాలలో వెయ్యిమందికి పైబడిన జనము వివరాలు సేకరించారు. ఇటుక లేక కాంక్రీటు కట్టడము చేరుకోలేకపోయిన వారిలో నూటికి దాదాపు 22 మంది చనిపోయారు. చేరుకున్నవారిలో ఒక్కరు కూడా చనిపోలేదు! పదేండ్ల లోపు పిల్లలు, నలుబది దాటిన స్త్రీలు ఎక్కువగా పోయారు. అందరినీ తాకినది ఒకే నీరు. అయితే పక్కా కట్టడమెంత దూరము, అక్కడిదాకా నడవగల కాళ్ళున్నాయా, చంకలో బిడ్డ ఉన్నాడా అన్నదే తేడా.

ఇసుక మీద కట్టిన ఇంటి ఉపమానము మనకు కంఠతా వచ్చు. కట్టినవానిని తప్పుపట్టడము తేలికే. ఇసుక తప్ప వేరే నేల లేని పల్లెకారుల సంగతి మాత్రము మనము ఆలోచించము.

ఇలాంటి కొలతలు పైస్థాయిలోనూ ఉన్నాయి. అమెరికాలో 2003లో సుసాన్ కట్టర్ అనే ఆచార్యురాలు, ఆమె తోటివారు పేదరికము, వయస్సు, ఇంటి రకము వంటి 42 విషయాలతో ఒక్కొక్క కౌంటీకి ఒక సూచిక కట్టారు. మన దేశములో 1997లో వెలువడిన అట్లాసు ఒకటి, గోడ దేనితో కట్టినది, పైకప్పు దేనిది అన్న జనగణన లెక్కలను తుఫాను, వరద, భూకంపపు పటాలతో జోడించి, ఏ జిల్లాలో ఎలాంటి ఇండ్లు దెబ్బతింటాయో చూపింది. మంచి పనే. కాని జిల్లా లెక్కలో పాలెము కనబడదు, పాలెము లెక్కలో చివరి గుడిసె కనబడదు. ఆ గుడిసె దాకా వెళ్ళవలసినది ఊరివారే.

అందుకే మా పాలెములో యౌవనస్థులు ఒక ఆదివారము ఆరాధన తరువాత మందిరపు ఆవరణలో ముగ్గుపిండితో ఊరి పటము గీశారు. కాలువ, కరకట్ట, బోరింగులు, స్లాబు ఇండ్లు, తాటాకు ఇండ్లు. ఏ ఇంట్లో మంచము దిగలేనివారున్నారో అక్కడ ఒక చింతగింజ, నిండు గర్భిణి ఉంటే రెండు. షెల్టరు తాళము ఎవరి దగ్గర ఉంటుందని అడిగితే ముగ్గురు మూడు పేర్లు చెప్పారు. ఇదీ ఒక కొలతే. మందిరము కదా అని అందరమూ అక్కడికే పరుగెత్తుతాము. పైనున్నవి రేకులు, గాలికి లేచిన రేకు కత్తితో సమానము. మందిరమును కూడ తాటాకు ఇండ్ల వరుసలోనే పెట్టవలసి వచ్చింది. పెద్దలకు అది రుచించలేదు గాని, ఎవరూ కాదనలేకపోయారు.

ఇంత చేసినా మేమూ పొరపాటు పడ్డాము. పేర్లన్నీ రేషను కార్డులు చూసి ఎక్కించాము. ఒక మామ్మ పేరు కొడుకు స్లాబు ఇంటిలో ఉన్నది గనుక ఆమెకు గింజ పెట్టలేదు. పటము చూడడానికి వచ్చిన ఆ మామ్మే, "నా పేరు వాడింట్లో ఉంది గాని నాయనా, నేను లేను" అన్నది. కొడుకు కుటుంబముతో హైదరాబాదులో కూలికి పోయి నాలుగేండ్లు. ఆ ఇంటికి తాళము. ఆమె ఉండేది కాలువగట్టు మీది పాకలో, రెండు మేకలతో. షెల్టరు అక్కడికి మైలు పైనే, ఆమెకు మోకాళ్ళు సహకరించవు.

అప్పుడు కార్డులు పక్కనపెట్టి ఇల్లిల్లు తిరిగాము. అలాంటివారు ఇంకా నలుగురు తేలారు. ఒక్కొక్కరి పేరు ప్రక్కన, వచ్చి తీసుకువెళ్ళవలసినవారి పేర్లు రెండేసి వ్రాశాము, ఒకరు ఊరిలో లేకపోతే రెండవవారు ఉండాలని. మామ్మకు సైకిలు రిక్షా ఉన్న ఎదురింటి అబ్బాయి ఒప్పుకున్నాడు. అయితే మేకలను వదలి తాను రానని ఆమె తెగేసి చెప్పింది. షెల్టరు క్రిందిభాగములో పశువులకు చోటిమ్మని పంచాయతీని అడిగాము. ఇంకా జవాబు రాలేదు.